వరసలో పిలవని పేరు

మొన్న ఆదివారం జమ్మలమడుగులో నేను చేసిన తప్పును ముందే చెప్పేస్తాను. చివరిదాకా దాచుకుంటే దాన్ని ఎలాగోలా చిన్నది చేసి చెబుతానని నా మీద నాకే అనుమానం.

సమాధుల తోటలో ఒక రాతిని ఆవిష్కరించడానికి నన్ను పిలిచారు. టీచరమ్మ పోయి ఏడాది అయింది. ఆమె కొడుకు నల్లటి కడప రాయి మీద తల్లి పేరు చెక్కించి, నునుపు పట్టించి, సమాధి తలాపున నిలబెట్టాడు. ఆరాధన ముగించుకుని నలభై మంది దాకా వచ్చి ఎండలో నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన చేసి, "సార్, మీరు గుడ్డ తీసి, పేరు చదివి, రెండు మాటలు చెప్పండి" అన్నారు.

నా చొక్కా జేబులో ఒక చీటీ ఉంది. ఆమె తన పుస్తకాల అట్ట మీద తాను వేసుకున్న పేరును అందులో రాసుకొని వచ్చాను. నలుగురి ముందూ ఆ పేరుతోనే ఆమెను పిలవాలని ప్రొద్దుటూరులో బస్సెక్కినప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను. గుడ్డ తీశాను. రాతి మీద ఉన్నది వేరే పేరు. అది నేను పెట్టిన పేరు. అంటే, నేను సంపాదకుడిగా ఉండి వెలువరించిన జిల్లా రచయితల సూచికలో ఆమెకు నేను ఖాయం చేసిన పేరు. ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

దాన్నే పైకి చదివాను. అందరూ ఆమెన్ అన్నారు. చీటీ జేబులోనే ఉండిపోయింది.

ఆ రెండు పేర్లూ ఇక్కడ రాయడం లేదు. రాతి మీదిది రాస్తే తప్పును మళ్లీ అచ్చు వేసినట్టవుతుంది. చీటీలోది రాయకపోవడానికి వేరే కారణం ఉంది, అది తర్వాత చెబుతాను. ఊరంతా పిలిచినట్టు నేనూ టీచరమ్మ అనే అంటాను.

ఆమెను మొదట చూసింది నేను కాలేజీలో తెలుగు చెప్పే రోజుల్లో. జమ్మలమడుగు అవతల నల్లరేగడి పల్లెల్లో కూలీ ఆడవాళ్ల పాటలు రాసుకుందామని విద్యార్థులను వెంటబెట్టుకొని తిరుగుతున్నాను. "పాటలు కావాలంటే మా ఊరి బళ్లో టీచరమ్మను అడగండి" అని ఎవరో చెప్పారు. ఒకే గది బడి. మేం వెళ్లేసరికి ఆమె హాజరు పిలుస్తోంది. పొడుగాటి మనిషి. కళ్లద్దాల కాడ ఒకటి విరిగిపోతే దాని బదులు తెల్లదారం కట్టి చెవికి తగిలించుకుంది. చాక్‌పీసు ఎప్పుడూ నిండుగా వాడేది కాదు. మూడు ముక్కలు చేసి, ఒకటి తీసుకొని, రెండు ముందు వరసలో పిల్లల చేతిలో పెట్టేది. బోర్డు మీద వాళ్లు కూడా రాయాల గదా అని.

హాజరు పిలవడం వింతగా అనిపించింది. ప్రతి పిల్లవాడినీ రెండుసార్లు పిలుస్తోంది. ఒక పేరు గట్టిగా, తర్వాత ఇంకొకటి మెల్లగా. దగ్గరికి వెళ్లి రిజిస్టరు చూశాను. ఇంకుతో రికార్డు పేర్లు. ఒక్కో పేరు పక్కనా సన్నగా, గుండ్రటి అక్షరాలతో, పెన్సిలుతో ఇంకో పేరు.

"ఇదేంది టీచరమ్మా?" అన్నాను.

"వాళ్లమ్మ పిలిచే పేరప్పా. బళ్లో చేర్చేటప్పుడు నాయన వచ్చి ఒక పేరు రాయించిపోతాడు. ఆ పేరు పిలిస్తే పిల్లోడు ఎవురినో పిలుస్తాండారని కిటికీలోంచి చూస్తాంటాడు. వాళ్లమ్మ పిలిచే పేరుతో పిలువు, యాడున్నా తల తిప్పుతాడు."

ఆ రిజిస్టరు మీద ఒకసారి పెద్ద గొడవే అయిందట. తనిఖీకి వచ్చిన అధికారి చూసి, ప్రభుత్వ పుస్తకంలో ఈ పిచ్చి గీతలేమిటని కేకలేశాడు. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా రబ్బరు తెచ్చుకొని ఆయన ముందే కూర్చొని అన్ని పేర్లూ తుడిచేసింది. రబ్బరు పొట్టు నోటితో ఊది, రిజిస్టరు ఆయన చేతికిచ్చింది. మరుసటి పొద్దున మళ్లీ అన్నీ రాసుకుంది.

"పెన్సిలుకు ఉండే సుగుణం అదేనప్పా," అనేది ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ. "తుడిచినోళ్లకు తుడిచినామనే తృప్తి. రాసినోళ్లకు మళ్లా రాసుకునే వీలు."

ఇంకొక అలవాటు ఉండేది. కొత్త మనిషి ఎవరు పరిచయమైనా, రెండు మాటలు కాగానే, "మీ యమ్మ పేరేంది?" అని అడిగేది. కులం తెలుసుకోవడానికి ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, నాయన పేరు అడుగుతారు. అమ్మ పేరు అడిగితే జనం ఏం చెప్పాలో తెలియక తడబడతారు. ఒకసారి ఇద్దరం ఒకే బస్సులో ప్రొద్దుటూరు వస్తున్నాం. కండక్టరు టికెట్టు కొడుతుంటే అడిగేసింది.

"ఏం పెద్దమ్మా, నా మీద కంప్లైంటు రాయల్లనా?"

"కంప్లైంటయితే నీ పేరు అడగనా? ఇది ఊరికే."

"ఊరికే మాయమ్మ పేరు ఎందుకు నీకు?"

"ఊరికే అడిగేటోళ్లు లేకనే గదా నువ్వింత ఉలిక్కిపడతాండావు."

బస్సులో నలుగురు నవ్వారు. అతడూ నవ్వాడు. రెండు స్టేజీలు దాటాక, దిగేవాళ్లను దింపి, మా సీటు దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగా చెప్పిపోయాడు. ఆమె ఆ పేరును ఒకసారి పైకి అని చూసుకొని తలాడించింది.

నన్ను కూడా అడిగింది, మొదటి రోజునే. చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మా ఇంట్లో మా నాయన మా అమ్మను "ఏమే" అనేవాడు, మేం అమ్మా అనేవాళ్లం, బంధువులు వరసపెట్టి పిలిచేవాళ్లు. ఆమె పేరును నేను నోటితో పలికిన సందర్భం జీవితంలో ఒక్కటి కూడా గుర్తు లేదు. చెప్పాను. "తలుచుకోవాల్సొచ్చిందే సారుకు!" అని రిజిస్టరు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను. ఆ నవ్వులో నాకు చెప్పిందేమిటో అర్థం చేసుకొని ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

ఆమె పాటలు రెండు చిన్న పుస్తకాలుగా వచ్చాయి. ప్రొద్దుటూరులో ఒక ప్రెస్సులో, పెళ్లిపత్రికలు వేసే కాగితం మీద అచ్చు వేయించుకుంది. సగం ఆమె తల్లి పాడగా విన్నవి, సగం ఆమె కట్టినవి. ఏది ఎవరిదో పుస్తకంలో చెప్పలేదు. అట్ట మీద పేరు మాత్రం ఇలా వేసుకుంది. ముందు తల్లి పేరు, ఇంటిపేరు ఉండాల్సిన చోట. తర్వాత తన పేరు. రెండూ పల్లెటూరి పేర్లే. బాప్తిస్మంలో ఆమెకు ఇంకో పేరు పెట్టారు. ఉద్యోగం కాగితాల్లో ఆ పేరూ, దాని ముందు భర్త ఇంటిపేరూ ఉండేవి.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, నేను రిటైరయ్యాక, సూచిక పని మొదలుపెట్టాం. ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపాయన పైగది ఇచ్చాడు. కమిటీలో ముగ్గురం. నేను సంపాదకుణ్ణి. జిల్లాలో ఒక్క పుస్తకమైనా అచ్చు వేసిన ప్రతి మనిషికీ నాలుగు వాక్యాలు, ఒక ఫొటో. మాకు మొదటి తలనొప్పి పేర్లే. ఒక కవి తన మూడు బిరుదులూ పేరుకు ముందు వేయాల్సిందే అన్నాడు. ఇంకొకాయన ముందటి పేరుకు సంఖ్యాశాస్త్రం ప్రకారం బలం చాలదని మధ్యలో అక్షరాలు మార్పించుకున్నాడు, అలాగే వేయమన్నాడు. వీళ్లతో వాదించలేక ఒక నియమం రాసుకున్నాం. ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న పూర్తి పేరే ప్రామాణికం, అకారాది క్రమం ఇంటిపేరును బట్టి. ఆ వాక్యం నేనే రాశాను. రాసినప్పుడు చాలా బాగుందనిపించింది.

టీచరమ్మ తన పత్రం పోస్టులో పంపకుండా స్వయంగా తెచ్చింది. మా వరండాలో కూర్చుంది. మా ఆవిడ టీ ఇస్తే సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగింది. పత్రంలో 'ఇంటిపేరుతో సహా పూర్తి పేరు' అన్నచోట అట్ట మీది పేరే రాసి ఉంది.

"టీచరమ్మా, ఇది కలంపేరు. అసలు పేరు రాయండి."

"ఇదే అసలుదప్పా."

"మీ సర్వీసు పుస్తకంలో ఉండే పేరు."

"అది ఆఫీసు పేరు. ఆ పేరుతో నేను ఒక్క పాట రాయల్యా. కావాలంటే వెతుక్కో."

"ఇంటిపేరు లేకుండా మిమ్మల్ని ఏ అక్షరం కింద పెట్టేది?"

"మా యమ్మ పేరుండాది గదా ముందర. దాని కింద పెట్టు. మా ఆయనది ఆ ఇంటిపేరు. మంచోడే పాపం, చచ్చిపోయినోణ్ణి అనగూడదు. పాట ఎత్తుకుంటే మాత్రం లేసి బయటికి పోతాండె. ఆయన ఇంటిపేరు తెచ్చి ఈ పాటల మీద ఎట్ల పెడతావు?"

నేను నవ్వాను. ఆమె సాసరు కింద పెట్టింది.

"నీకొక సంగతి చెప్తా. మా యమ్మ కలుపుకు పోతే ఆమెదే పాట. ఇరవై మంది వరసగా వంగి కలుపు తీస్తాంటారు. ఎవురో ఒకరు వెనకబడతారు. బిడ్డను కన్న మనిషి ఉంటాది, జరమొచ్చిన మనిషి ఉంటాది. పాటలో ఒక్కో చరణం ఆఖర్న మా యమ్మ ఒక మనిషి పేరెత్తి పిలుస్తాండె. పిలిస్తే ఆ మనిషి 'ఊ' అనాల. ఊ అని, రెండు బారలు గబగబా తీసి వరసలో కలిసిపోవాల. పేరు రాని మనిషి వెనకనే ఉండిపోతాది. చేనుగల్లాయన దాన్నే చూస్తాడు. అందుకని మా యమ్మ ఒక్కరిని వదిలిపెట్టకుండా పిలుస్తాండె."

సాసరు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"పిలిచే మనిషిని పిలిచేటోళ్లు ఉండరు గదప్పా. ఇరవై మందిలో ఆమె పేరు ఒక్కటే పాటలో రాదు. ఫొటో లేదు. యా కాగితంలోనూ లేదు. పెన్న గట్టున పూడ్చినాం, వరదకు ఆ గుర్తూ పాయ. ఆమె పేరుండేది ఈ రెండు అట్టల మీదనే. ఇవి చిరిగిపోతాయి. నీది దొడ్డు పుస్తకం. గట్టి అట్ట. ఆడ ఉంటే ఉంటాది."

"చూస్తానులే టీచరమ్మా" అన్నాను.

చూడలేదు. కమిటీలో ఆమె పత్రం వచ్చినప్పుడు నియమం చదివి, సర్వీసు రికార్డులోని పేరు తెప్పించి, అది వేశాను. ఇలాంటి సూచికల్లో ఒక పద్ధతి ఉంది. మనిషికి రెండు పేర్లు ఉంటే, రెండో పేరు వచ్చే చోట 'ఫలానా పేరు చూడు' అని ఒక్క వాక్యం వేస్తారు. పేజీలు పెరుగుతాయని ఆ ఒక్క వాక్యానికి కూడా చోటివ్వలేదు. ఇంతవరకైతే బుద్ధి మందగించిందని సరిపెట్టుకోవచ్చు. ఇంకొకటి ఉంది. నాకు కాలేజీలో ఉద్యోగం వేయించిన ఒక పెద్దాయనకు మాత్రం మేం కలంపేరే వేశాం. "ఆయన్ను ఆ పేరుతోనే అందరూ ఎరుగుదురు" అని కమిటీలో వాదించింది నేనే. ఆ మాటే టీచరమ్మకు కూడా వర్తిస్తుందని మిగతా ఇద్దరికీ తట్టలేదు. నాకు తట్టింది. ఆ సాయంత్రం పైగదిలో, ప్రూఫులు ముందు పెట్టుకొని ఉండగానే తట్టింది. తెలిసే వేశాను. ఆయన మళ్లీ కనపడితే ఏమంటాడోనని భయం. ఆమె ఏమంటుందోనని భయం లేదు. నా నియమం నిలబడింది ఆమె దగ్గర మాత్రమే.

పుస్తకం వచ్చిన నెలకు ఆమె మళ్లీ మా వరండాకి వచ్చింది. గట్టి అట్ట పుస్తకం సంచిలోంచి తీసి నా చేతికిచ్చింది.

"నన్ను వెతికి చూపిచ్చప్పా. రెండు దినాలు వెతికినా. నాకు నేను దొరకల్యా."

నాకు తెలుసు కాబట్టి వెంటనే తీశాను, భర్త ఇంటిపేరు వచ్చే అక్షరం కింద. ఫొటో ఆమెదే. దారం కట్టిన కళ్లద్దాలతో సహా. ఆమె వేలు వాక్యం కింద జరుపుకుంటూ, పిల్లలతో చదివించినట్టు, పేరు మొదలు చివరిదాకా చదివింది.

"బాగుంది. తప్పులు లేవు. అయితే ఈమెను నేను ఎరగను." పుస్తకం మూసింది. "మా యమ్మను యాడ పెట్టినావు?"

నేను నియమం సంగతి చెప్పాను. మాట్లాడుతున్నంతసేపూ ఆమె కళ్లు మూసుకొని వింది. ఎవరు మాట్లాడినా అలాగే వినేది. ఆఖరుకు, తోచక, "రెండో ముద్రణలో సవరిస్తాం" అన్నాను.

"రెండోది ఎప్పుడొస్తాది?"

"తొందర్లోనే."

కోపం చేసుకోలేదు. తర్వాత ఎక్కడ కనిపించినా అదొక్కటే అడిగేది. మైదుకూరు బస్టాండులో, రోడ్డుకు అవతలి పక్కనుంచి చెయ్యెత్తి, "అప్పా, రెండోది వచ్చిందా?" ఎవరిదో పెళ్లిలో, విస్తరి ముందు కూర్చొని ఉంటే వెనకనుంచి భుజం తట్టి, "రెండోది?" మొదట్లో నొచ్చుకునేవాణ్ణి. తర్వాత అదొక హాస్యంగా తీసుకున్నాను. ఆమె కూడా నవ్వుతూనే అడిగేది కాబట్టి నేను నవ్వడం తేలికైంది. కమిటీలో ఒకాయన పోయాడు, ఇంకొకాయనకు చూపు పోయింది. అమ్ముడుపోని ప్రతులు మా అటకమీద ఉన్నాయి. రెండో ముద్రణ రాదని నాకు ఎప్పుడో తెలుసు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. పోవడానికి కొన్ని వారాల ముందు ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గిపోయింది. అదే అడిగింది. "పని జరుగుతాంది టీచరమ్మా" అన్నాను.

"జరగనీలే. తొందరేం లేదు," అంది. నేను అబద్ధం చెబుతున్నానని ఆమెకు తెలుసు. తొందర లేదన్న మాట ఎవరికోసం అన్నదో ఇప్పటికీ తెలియడం లేదు.

అప్పటికే నేను వేసిన పేరు నా చేయి దాటిపోయింది. ఒక విద్యార్థి తన పరిశోధనలో అదే పేరు వాడాడు. ఆ పరిశోధన చూసి ఎవరో ఇంటర్నెట్టులో పెట్టారు. ఆమె పోయినప్పుడు పత్రికలో నాలుగు లైన్లు ఆ పేరుతోనే వచ్చాయి. ఇప్పుడు ఫోన్లో ఆమె అట్ట మీది పేరు కొట్టి వెతికితే ఏమీ రాదు. నేను పెట్టిన పేరు కొడితే మూడు చోట్ల వస్తుంది. ఆ మూడింటికీ ఆధారం నా పుస్తకమే.

నాలుగోది రాయి.

ఆదివారం అందరూ భోజనాలకు కదిలాక ఆమె కొడుకును పక్కకు పిలిచాను. నలభై దాటిన మనిషి. తుమ్మలపల్లె గనిలో పని, పులివెందులలో కాపురం. జేబులోని చీటీ తీసి చూపించాను. ఈ పేరు కూడా రాతి మీద చెక్కిద్దాం, ఆ పని నేను చేయిస్తాను అన్నాను. అతడు చీటీ చూసి మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"వద్దు సార్. మీ పుస్తకమే మమ్మల్ని కాపాడింది."

నాకు అర్థం కాలేదు.

"అమ్మ పోయినప్పుడు నేను గనిలో ఉండా. పక్కింటోళ్లు పోయి చావు కాగితంలో ఆమె అట్ట మీది పేరు రాయించినారు. ఆమె అందరికీ అదే చెప్తాండె గదా. ఇంటి పట్టాలో చూస్తే ఆఫీసు పేరు. పట్టా నా పేరుకు మార్చమంటే, చచ్చిపోయినామె ఒకరు, ఇల్లుగల్లామె ఒకరు, ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. ఎంతమంది సంతకాలు పెట్టినా ఒప్పుకోల్యా. ఆఖరికి మీ పుస్తకం తీసకపోయినా. ఫొటో కింద ఆఫీసు పేరు, ఆ పక్కనే ఆమె పాటల పుస్తకాల పేర్లు. ఆ పుస్తకాల అట్ట మీద చూస్తే చావు కాగితంలో ఉండే పేరు. అచ్చులో ఉండాది గదా అని ఫైలు కదిలించినారు. కాగితం ఇంగా చేతికి రాల్యా. ఇప్పుడు రాతి మీద ఇంకో పేరు పెడితే, మళ్లా మొదటికొస్తాది."

"మీ అమ్మ అడిగింది నన్ను, నాయనా. చాలాసార్లు అడిగింది."

"మా యమ్మకు ఈ పేరు ఇష్టం లేదని నాకు తెల్దా సార్?" అతడు రాయి వైపు చూడకుండా అన్నాడు. "తెలిసే చెక్కిచ్చినా. నాకు ఇద్దరు ఆడపిల్లోళ్లు. ఆ ఇల్లు తప్ప వేరే ఏం లేదు."

తెలిసే వేశానని నేను అతడికి చెప్పలేదు. తెలిసే చెక్కించానని అతడు నాకు చెప్పగలిగాడు. నాకున్న కారణం అతడి కారణం ముందు ఎంత నీచమైనదో నిలబడ్డ చోటే లెక్క తేలింది.

"ఆ పేరు యాడా అచ్చు వేయొద్దు సార్, పని అయ్యేదాకా," అన్నాడు. ఇక్కడ దాన్ని రాయకపోవడానికి కారణం అదే.

"పెన్సిలుతో రాసుకుంటే?" అన్నాను. ఎందుకలా వచ్చిందో నోటికి.

అతడు మొదటిసారి నవ్వాడు. నోటికి చేయి అడ్డం పెట్టుకొని. "పెన్సిలుదాన్ని ఎవురు రుజువు కింద తీసుకుంటారు సార్? రాసుకోండి."

అందుకని సోమవారం నుంచి నాకు చేతనైన పని మొదలుపెట్టాను. పుస్తకాలు ఎవరెవరి ఇళ్లకు పోయాయో తెలియదు. నేను నా చేతులతో ఇచ్చిన పఠనాలయాలు మూడు ఉన్నాయి. ప్రొద్దుటూరులో మా వీధి చివరి చదువుల గదిలో పుస్తకం దొరికింది. ఆమె ఫొటో పక్కన, మార్జినులో, పెన్సిలుతో రాశాను. ముందు తల్లి పేరు, తర్వాత ఆమె పేరు. వెనక అకారాది పట్టికలో, తల్లి పేరు రావాల్సిన చోట, రెండు పేర్ల మధ్య ఇరికించి రాసి, పేజీ సంఖ్య వేశాను. పది నిమిషాల పని. ఇన్నేళ్లు నేను వాయిదా వేసింది పది నిమిషాల పని.

మంగళవారం పులివెందుల పోయాను. అక్కడ ఒక కాలేజీ లైబ్రరీకి ఇచ్చిన ప్రతి లేదు. కొత్త బిల్డింగుకు మారేటప్పుడు పాతవి గోతాల్లో కట్టారట. గోతాలు ఎక్కడున్నాయో చెప్పే మనిషి సెలవులో ఉన్నాడు. పెన్సిలు జేబులో పెట్టుకొని తిరిగొచ్చాను.

నిన్న జమ్మలమడుగు. రిటైరైన పంతుళ్లు కొందరు నడిపే పఠనాలయం అది. ఒక ఫ్యాను, రెండు బెంచీలు, పేపరు మీదే తల వాల్చి కునికే ఒక ముసలాయన. పుస్తకాలు చూసుకునే ఆమె నన్ను గుర్తుపట్టి, బీరువా తాళం తీసి, సూచిక తెచ్చి ఇచ్చింది. టీచరమ్మ పేజీ తీశాను. పెన్సిలు ఆనించబోయి ఆగిపోయాను.

మార్జినులో కాగితం గరుకుగా ఉంది. ఎవరో ఏదో రాసి ఉన్నారు, ఎవరో తుడిచి ఉన్నారు. పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు అడ్డంగా పట్టుకొని చూశాను. సీసం పోయింది గానీ నొక్కి రాసిన గీతలు కాగితంలో మిగిలి ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు. ముందు ఒక పేరు, తర్వాత ఒక పేరు. వెనక పట్టిక తీశాను. అక్కడా అంతే. రెండు పేర్ల మధ్య ఇరికించి, తుడిచేసిన గుర్తు.

"ఇందులో ఎవరో రాసినట్టుందే అమ్మా" అన్నాను.

"అవును సార్. పొడుగ్గా ఒక పెద్దామె వస్తాండె. పేపరు చదువుకుంటాండె. ఆమె ఇంటికి పోయినాక ఎప్పుడన్నా చూస్తే పెన్సిలు గీతలు కనపడతాండె. ఆమే రాసిందో, పిల్లోళ్లే రాసినారో. నేను తుడుస్తాంటి. మళ్లా వస్తాండె. మళ్లా తుడుస్తాంటి. పోయినేడు నుంచి రాల్యా." ఆమె మంచి పని చేసిన మనిషిలాగా చెప్పింది. ఆమె చేసింది ఆమె పనే.

రెండో ముద్రణ వస్తుందని నేను చెబుతూ వచ్చిన కాలమంతా టీచరమ్మ ఇక్కడికి వచ్చి, ఈ బెంచీ మీద కూర్చొని, తన ముద్రణ తాను వేసుకుంటూనే ఉంది. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

నా అక్షరాలతో రాయలేదు. ఆ గీతల్లోనే పెన్సిలు పెట్టి, ఆమె చేయి పోయిన దారినే మెల్లగా పోయాను. ఒకచోట ఆమె ఆగి మళ్లీ నొక్కినట్టుంది, అక్కడ నేనూ ఆగాను. వెనక పట్టికలో కూడా అలాగే చేశాను. తుడవవద్దని పుస్తకాలు చూసుకునే ఆమెను అడిగాను. "మీ పుస్తకమే గదా సార్, మీరు రాస్తే వద్దంటానా? నేనుండేదాకా తుడవను. ఆషాడం పోతానే నేను మానుకుంటాండా, కొత్తామె వస్తాది. ఆమెకు చెప్తాలే," అంది. చెబుతుందో లేదో. చెప్పినా ఆ వచ్చే ఆమె వింటుందో లేదో.

పుస్తకం మూసే ముందు జేబులో ఆదివారం నాటి చీటీ తగిలింది. బయటికి తీశాను. అందులో చూడాల్సిన అవసరం ఏమీ లేదు. అయినా చూసుకొని, సమాధుల తోటలో నలభై మంది ముందు నోరు రాని మనిషిని, ఇద్దరే ఉన్న ఆ గదిలో ఆ తల్లి పేరును గట్టిగా పైకి పిలిచాను.

కునికే ముసలాయన తలెత్తి నా వైపు చూసి మళ్లీ పేపరు మీద వాల్చాడు. బీరువా దగ్గరున్న ఆమె వెనక్కి తిరిగింది.

"ఎవురిని సార్ పిలుస్తాండారు? ఆ పేరుగలోళ్లు ఈడ ఎవురూ లేరే."

"లేరమ్మా" అన్నాను.

పుస్తకం ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.